హార్నడే వారసత్వం: బైసన్‌లను బతికించిన ఉద్యమం వెనుక చరిత్ర

బ్రాంక్స్ జూ సహా న్యూయార్క్‌లోని పలు జంతు ప్రదర్శనశాలలను నడిపే వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ 2020 జులైలో తన గతానికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. 1906లో ఒటా బెంగా అనే ఆఫ్రికన్ యువకుణ్ణి కోతుల భవనంలో ప్రదర్శనకు పెట్టినందుకూ, సంస్థ వ్యవస్థాపకుల్లో కొందరు జాతి ఆధిక్య సిద్ధాంతాలను ప్రచారం చేసినందుకూ అది విచారం వ్యక్తం చేసింది. ఆ ప్రదర్శన జరిగిన కాలంలో జూ డైరెక్టరుగా ఉన్న విలియం టెంపుల్ హార్నడే, అంతరించిపోయే దశకు చేరిన అమెరికన్ బైసన్‌ను (అడవిదున్నను పోలిన భారీ జంతువును) కాపాడిన వారిలో అగ్రగణ్యుడు. ఆయన్ను ఎలా గుర్తుంచుకోవాలన్న చర్చ నేటికీ సాగుతోంది. అది అర్థం కావాలంటే ఆయన చేసిన మేలునూ, చేసిన కీడునూ విడివిడి గదుల్లో పెట్టకుండా ఒకేచోట చూడాలి.

1854లో ఇండియానా రాష్ట్రంలో పుట్టిన హార్నడే తొలి వృత్తి, చంపిన జంతువుల చర్మాలకు సజీవ రూపమిచ్చి మ్యూజియంలలో నిలబెట్టడం. ఆ పని మీదే 1876లో బయలుదేరి భారతదేశం, సిలోన్, మలయా, బోర్నియోలలో రెండేళ్లకు పైగా తిరిగాడు. యమునలో ఘరియల్ మొసళ్లను, అనైమలై కొండల్లో ఏనుగులను, పులిని, బోర్నియోలో ఒరాంగుటాన్‌లను వేటాడి వాటి చర్మాలు, అస్థిపంజరాలు అమెరికాకు చేర్చాడు. 1882లో వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో ఆ విభాగానికి ప్రధాన నిపుణుడయ్యాడు.

మ్యూజియంలో మంచి బైసన్ నమూనాలు లేవని గమనించి 1886లో ఆయన మోంటానాకు వెళ్లాడు. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో మేసిన మైదానాల్లో అప్పటికి మిగిలినవి ఎముకలే. తోళ్ల వ్యాపారం, రైలు మార్గాలు, మైదాన ప్రాంత ఆదివాసులను ఆకలితో లొంగదీయాలన్న సైనిక ఆలోచన కలిసి కొద్ది దశాబ్దాల్లోనే ఆ మందలను తుడిచిపెట్టాయి. ఎలాగూ వేటగాళ్ల చేతిలో చచ్చేవే కనుక భావితరాలకు కనీసం నమూనాలైనా మిగలాలన్న వాదనతో, దొరికిన కొద్దిపాటి బైసన్‌లలో ఇరవైకి పైగా హార్నడే బృందమే చంపింది. వాటిలోంచి ఆయన స్వయంగా కూర్చిన ఆరు బైసన్‌ల సమూహాన్ని 1888లో ప్రదర్శనకు పెట్టారు. 1957లో దాన్ని విప్పినప్పుడు లోపల ఒక పెట్టె, అందులో ఆయన రాసిన ఉత్తరం దొరికాయి. వీటిలో మూడు జంతువులను చంపింది తానేననీ, తాను మట్టిలో కలిసిపోయాక కూడా వీటిని పాడవకుండా కాపాడమనీ తన తర్వాతి వారిని అందులో వేడుకున్నాడు.

ఆ ప్రయాణం ఆయన్ను మార్చిందనడంలో సందేహం లేదు. 1889లో ప్రచురించిన నివేదికలో ఉత్తర అమెరికా అంతటా మిగిలిన బైసన్‌లు 1,091 మాత్రమేనని లెక్క తేల్చి, ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని ఘాటుగా ఎండగట్టాడు. వాషింగ్టన్ జాతీయ జూ ఏర్పాటుకు పునాది వేశాడు. 1896 నుంచి 1926 వరకు బ్రాంక్స్ జూకు డైరెక్టరుగా ఉన్నాడు. 1905లో ఏర్పడిన అమెరికన్ బైసన్ సొసైటీకి అధ్యక్షుడై, 1907లో బ్రాంక్స్‌లో పెంచిన 15 బైసన్‌లను రైల్లో ఓక్లహోమాలోని విచిటా కొండలకు పంపించాడు. ఈకల కోసం పక్షులను చంపే వ్యాపారాన్ని అరికట్టిన చట్టాల వెనుకా, ఉత్తర పసిఫిక్ సీల్‌లను కాపాడిన 1911 ఒప్పందం వెనుకా ఆయన పోరాటం ఉంది. ఈ మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

అయితే విచిటాకు బైసన్‌లు వెళ్లడానికి ఏడాది ముందే బ్రాంక్స్ జూలో ఒక ఘోరం జరిగింది. కాంగో నుంచి శామ్యూల్ వెర్నర్ అనే వ్యక్తి సెయింట్ లూయీ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం అమెరికా తీసుకొచ్చిన ఒటా బెంగాను 1906 సెప్టెంబరులో కోతుల భవనంలో ఒరాంగుటాన్‌తో పాటు ఉంచారు. వయసు 23, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 103 పౌండ్లు, సెప్టెంబరు నెలంతా ప్రతి మధ్యాహ్నం ప్రదర్శన అంటూ జంతువులకు పెట్టినట్టే ఆయనకూ ఒక పలక పెట్టారు. వేల మంది ఎగబడి చూశారు. బ్రూక్లిన్‌లో నల్లజాతి పిల్లల అనాథాశ్రమాన్ని నడిపే రెవరెండ్ జేమ్స్ గోర్డన్ నాయకత్వంలో నల్లజాతి మతగురువులు నిరసన తెలిపారు. తమ జాతి ఇప్పటికే అణచివేతలో నలుగుతున్నది చాలదా, తమలో ఒకరిని కోతుల పక్కన నిలబెట్టాలా అని గోర్డన్ నిలదీశాడు. హార్నడే తప్పు ఒప్పుకోలేదు. ఇది మానవశాస్త్ర ప్రదర్శన అని సమర్థించుకున్నాడు. నిరసనలు ఆగకపోవడంతో నెలాఖరుకు ఒటా బెంగాను ఆ ఆశ్రమానికి పంపేశారు. తర్వాత వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో పొగాకు కర్మాగారంలో పనిచేసిన ఆయన, స్వదేశానికి వెళ్లే దారి కనిపించక 1916 మార్చిలో ప్రాణం తీసుకున్నాడు.

హార్నడే తన కాలం మనిషి, ఆ కాలపు కొలతలతోనే ఆయన్ను చూడాలని తరచూ వినిపించే వాదన నాకు చాలదనిపిస్తుంది. గోర్డన్ కూడా ఆ కాలం మనిషే. అదే నెలలో, అదే నగరంలో, ఏది తప్పో ఆయనకు స్పష్టంగా తెలుసు. పైగా ఇది ఒక్కనాటి పొరపాటు కాదు. వన్యప్రాణుల వినాశనంపై 1913లో రాసిన ప్రసిద్ధ పుస్తకంలో హార్నడే ఇటలీ నుంచి వలస వచ్చిన పేదలనూ, దక్షిణాది నల్లజాతి వారినీ పక్షుల పాలిట శత్రువులుగా వేలెత్తి చూపాడు. పౌరసత్వం లేని విదేశీయుల చేతుల్లో తుపాకులు ఉండనివ్వకూడదని కోరాడు. పెన్సిల్వేనియా 1909లోనే అలాంటి చట్టం చేసింది. 1914లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సరదా కోసం అతిగా కాల్చే సంపన్న వేటగాళ్లనూ ఆయన తిట్టాడు, అది నిజం. కానీ వారిలో ఆయన ఖండించింది చేసిన పనిని. పేదల విషయంలో ఖండించింది వారి పుట్టుకను. అడవి ఎవరి చేతుల్లో భద్రంగా ఉంటుందన్న ప్రశ్నకు ఆయన దగ్గరున్న జవాబే ఇలాంటి మాటలకు మూలం. ఆ జవాబులో కొన్ని జాతుల మనుషులకు మొదటినుంచీ చోటు లేదు.

మోంటానాలోని నేషనల్ బైసన్ రేంజ్ ఉదంతంలో ఇది మరింత తేటతెల్లమవుతుంది. హార్నడే నడిపిన బైసన్ సొసైటీ కృషి ఫలితంగా 1908లో అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) ఆమోదించిన ఈ రక్షిత ప్రాంతంలోని 18,000 ఎకరాలకు పైగా భూమి, సేలిష్, కూటెనై తెగలకు ఒప్పందం ప్రకారం దక్కిన ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) లోనిది. దాన్ని ఆ తెగల సమ్మతి లేకుండా తీసుకున్నారు. నిజానికి బైసన్‌లు నశించిపోతున్న రోజుల్లో కొన్ని దూడలను తెచ్చి, వాటి సంతతిని ఈ లోయలోనే మందగా పెంచింది ఆ తెగల మనుషులే. రిజర్వేషన్‌ను తెల్లవారి స్థిరనివాసానికి తెరవడంతో మేపడానికి చోటు లేక, మంద యజమానుల్లో ఒకరైన మిషెల్ పాబ్లో వందలాది బైసన్‌లను కెనడాకు అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ మంద నుంచే విడిపోయి వేరొకరి దగ్గర పెరిగిన బైసన్‌లను సొసైటీ చందాలతో కొని 1909లో రేంజ్‌లో వదిలింది. అంటే ఆదివాసులు కాపాడిన జంతువుల సంతతినే వారి భూమి మీద, వారికి పెత్తనం లేకుండా కాపాడారు. ఈ భూసేకరణ చెల్లదని 1971లో ఫెడరల్ కోర్టు తేల్చినా, దక్కింది డబ్బే, నేల కాదు. 2020 డిసెంబరులో చేసిన చట్టంతో ఆ భూమి తిరిగి తెగల పేరిట చేరింది. 2022 నుంచి నిర్వహణ పూర్తిగా వారి చేతుల్లోనే ఉంది.