ఫోర్ బై ఫోర్ పడట్లేదా? మోటారు మార్చే ముందు మీటరు పెట్టించండి

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో వానాకాలం బండి నడిపినవాళ్లకి ఫోర్ బై ఫోర్ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. నాబ్ తిప్పాక ముందు చక్రాలు కూడా లాగితేనే బండి బురదలోంచి రోడ్డెక్కుతుంది. సరిగ్గా అప్పుడే అది పడకుండా, డాష్‌బోర్డు మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఉండిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. గ్యారేజీకి తీసుకెళితే తరచుగా వినిపించే మాట "ఫోర్ బై ఫోర్ వేసే మోటారు పోయిందండీ, మార్చేయాలి." వేలకు వేలు పోసి మార్పిస్తారు. కొన్నాళ్లకే మళ్లీ అదే లైటు. చాలాసార్లు మోటారు నిక్షేపంగా ఉంటుంది, దానికి కరెంటు సరిగా అందదు, అంతే.

పాత జీపుల్లో గేర్ రాడ్డు పక్కనే ఇంకో రాడ్డు ఉండేది. దాన్ని చేత్తో లాగి ఫోర్ బై ఫోర్ వేసేవారు. ఇప్పటి చాలా బళ్లలో ఆ పని ట్రాన్స్‌ఫర్ కేసుకు (ఇంజిను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టెకు) బిగించిన చిన్న మోటారు చేస్తుంది. నాబ్ తిప్పినంత మాత్రాన దానికి కరెంటు వెళ్లిపోదు. ముందు కంట్రోల్ యూనిట్‌కు, అంటే దాన్ని నడిపించే చిన్న కంప్యూటర్‌కు, కబురు వెళుతుంది. అది బండి వేగం చూసుకుంటుంది. లో-రేంజి (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అడిగితే బండి ఆగి ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా అని కూడా చూసుకుని, అప్పుడు మోటారును తిప్పుతుంది. మోటారుతో పాటే ఉండే పొజిషన్ సెన్సర్ నుంచి, చేరాల్సిన చోటికి చేరిందన్న సంకేతం రావాలి. వస్తే లైటు నిలకడగా వెలుగుతుంది. కొన్ని క్షణాల్లో రాకపోతే యూనిట్ ప్రయత్నం మానేసి లైటు మెరిపిస్తుంది. న్యూట్రల్ స్విచ్ పనిచేయకపోయినా, లోపల గేరు పళ్లు ఎదురెదురుగా వచ్చి కలవకపోయినా ఇదే జరగొచ్చు. పళ్లు కలవకపోవడాన్ని రిపేరు కింద లెక్కేయకూడదు, బండిని రెండడుగులు ముందుకో వెనక్కో కదిలిస్తే చాలు. స్కానర్ పెట్టి చూస్తే "మోటారు సర్క్యూట్" అని కోడ్ రావచ్చు. ఆ సర్క్యూట్‌లో ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), వైర్లు, కప్లర్లు (లోపల లోహపు పిన్నులతో వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింట్లు), ఎర్తు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి), మోటారు అన్నీ ఉంటాయి. వాటిలో ఏది చెడిందో కోడ్ చెప్పదు.

మన ప్రాంతంలో కప్లర్లను ఎక్కువగా పాడుచేసేది నీరు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఎన్నో బళ్లు మునిగిపోయాయి. మునిగిన బండిని ఆరబెట్టి, ఆయిళ్లు మార్చి, స్టార్టవగానే హమ్మయ్య అనుకోవడం సహజం. కానీ బ్యాటరీ వైరు తీయకుండా వదిలేసిన బండిలో, తాళం తీసేసినా కొన్ని పిన్నులకు 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. వరదనీటిలో కరిగిన లవణాల వల్ల కొంత కరెంటు ఆ నీటిగుండా పారుతుంది. అప్పుడు ప్లస్ వైపు పిన్నులోని లోహం కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి దిగిపోతుంది. ఎలక్ట్రోప్లేటింగ్ షాపులో జరిగే చర్య ఇదే. అందుకే కప్లర్ విప్పితే ఒక్కోసారి పక్క పిన్నులన్నీ బాగానే ఉండి, ఒక్కటి మాత్రం సన్నబడి పచ్చటి చిలుము పట్టి కనిపిస్తుంది. నీరు అక్కడితో ఆగదు. వైరు లోపల రాగి పోగుల సందుల్లోంచి ఎగబాకుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా ఉంటుంది, చీల్చి చూస్తే లోపల రాగి నల్లబడిపోయి ఉంటుంది. బండి వరదలో మునగక్కర్లేదు, సర్వీసింగులో అడుగుభాగాన్ని ప్రెషర్ వాటర్‌తో పదేపదే కొట్టించినా సీలు సరిగాలేని కప్లర్‌లోకి నీరు చేరుతుంది.

చిలుము పట్టిన ఈ కనెక్షన్‌ను పట్టుకోవడంలో డిజిటల్ మల్టీమీటరు కూడా తప్పుదారి పట్టించగలదు. కప్లర్ విప్పి, పిన్నుకు మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది. కరెంటు బాగానే వస్తోంది, కాబట్టి మోటారే పోయింది అనేస్తారు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓములు. అది లాగే కరెంటు ఎంత తక్కువంటే, దారిలో వెయ్యి ఓముల చెడ్డ కాంటాక్ట్ ఉన్నా వోల్టేజీ తగ్గినట్టే కనబడదు. మోటారు సంగతి అలా కాదు. అది 10 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో 0.3 ఓముల చిలుము చాలు, ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. మిగిలినదానితో మోటారు మూలిగి ఆగిపోతుంది. పోనీ ఓముల్లో కొలుద్దామంటే మీటరు వైర్ల నిరోధమే దాదాపు అంత ఉంటుంది.

అందుకే విజయవాడ ఆటోనగర్‌లో రెండు వైర్లకు ఇండికేటర్ బల్బు కట్టుకుని పనిచేసే పాతతరం ఎలక్ట్రీషియన్ల పద్ధతి మీద నాకు చాలా గౌరవం. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. వెయ్యి ఓముల కాంటాక్ట్ అడ్డుగా ఉంటే అది వెలగనే వెలగదు. అయితే ఈ బల్బును ఫ్యూజు, రిలే, సప్లయి వైర్లకే పరిమితం చేయాలి. సెన్సర్ వైర్లకు, పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కప్లర్లకు పొరపాటున కూడా తగిలించకూడదు.

బల్బుకు దొరకని చిన్న లోపాన్ని వోల్టేజీ డ్రాప్ పరీక్ష, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడం, పట్టిస్తుంది. కప్లర్లు ఏవీ విప్పకుండా, మీటరు నల్లవైరు బ్యాటరీ మైనస్‌కు, ఎర్రవైరు కంట్రోల్ యూనిట్ ఎర్త్ పిన్నుకు వెనక నుంచి తగిలించి, ఇంకొకరిని నాబ్ తిప్పమనాలి. (మోటారుకు సొంత ఎర్తు ఉండదు. అటూ ఇటూ తిరగాలి కాబట్టి దాని రెండు వైర్లలోనూ కరెంటు దిశను యూనిట్టే మారుస్తుంది.) మోటారు తిరిగేది ఒకటి రెండు సెకన్లే గనుక మీటరులో అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులను గుర్తుపెట్టుకునే మిన్-మాక్స్ బటన్ ఉంటే ముందే నొక్కి పెట్టుకోండి. రీడింగ్ 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టే. ఒకటి రెండు వోల్టులు దాటిందంటే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర తుప్పో, పెయింటో, మట్టో అడ్డుపడి ఉంటుంది. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలీన్ పూస్తే చాలావరకు పని అయిపోతుంది. ప్లస్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ ప్లస్ నుంచి యూనిట్ సప్లయి పిన్ను దాకా కొలవాలి. అక్కడ అర వోల్టు దాటకూడదు.

మోటారు అసలు కదలనే లేదంటే, కంట్రోల్ యూనిట్లు మాట్లాడుకునే క్యాన్ వైర్లను కూడా ఒకసారి చూడాలి. బ్యాటరీ వైరు తీసేసి, స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా బళ్లలో 60 ఓములు రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక వైరు తెగి ఉండొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, నాబ్ తిప్పిన క్షణంలో, కప్లర్ విప్పకుండానే మోటారు వైర్ల మధ్య పూర్తి వోల్టేజీ కనిపిస్తూ, అయినా మోటారు కదలకపోతే, అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి మోటారు విప్పి, బయట పెట్టి తిప్పి చూడమనండి. బయట తిరిగితే లోపల గేరు బిగుసుకుంది. బయట కూడా తిరగకపోతే కొత్త మోటారు కొనుక్కోవచ్చు.