షామ్‌రాక్ మొక్క: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్‌లో మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండుగ వస్తుందనగా నేను పనిచేసే నర్సరీలో షామ్‌రాక్ కుండీలకు, అంటే ఈ దేశానికి గుర్తుగా చెప్పుకునే మూడాకుల చిన్న మొక్కకు, గిరాకీ మొదలవుతుంది. ఎండలు వచ్చేసరికి అవే కుండీల గురించి ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నయ్యా, షామ్‌రాక్ చచ్చిపోయింది, పారేయమంటారా?" పారేయవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆకులు వాలి ఎండిపోతే మొక్క చనిపోయినట్టే.

వాస్తవం: కుండీలో షామ్‌రాక్ పేరుతో అమ్మేది చాలావరకు ఆక్సాలిస్. మన పెరళ్లలో దానంతటదే మొలిచే పులిచింత కూడా ఈ జాతిదే. ఊదారంగు ఆకుల ఆక్సాలిస్ ట్రయాంగ్యులారిస్ దక్షిణ అమెరికాది, నాలుగు ఆకుల ఆక్సాలిస్ టెట్రాఫిల్లా మెక్సికోది. ఐర్లండ్ పచ్చిక బయళ్లతో వీటికి పుట్టుసంబంధం లేదు. ఇవి మట్టిలోని దుంపల ఆధారంగా బతుకుతాయి కనుక, వేడి పెరిగినప్పుడో, చలి ముదిరినప్పుడో ఆకులన్నీ వదిలేసి కొంతకాలం నిద్రావస్థలోకి వెళ్లగలవు. అది జబ్బు కాదు. కానీ చాలామంది ఆకులు వాలగానే కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తారు. ఆకు లేని దుంప ఆ నీటిని వాడుకోలేక కుళ్లిపోతుంది. అంటే చనిపోయిందనుకున్న మొక్కను నిజంగా చంపేది ఆ తరువాత పోసే నీళ్లే. మందులు చల్లడం, యూరియా వేయడం వంటి సలహాలు వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటాయి. దయచేసి వాటిని నమ్మవద్దు.

ఆకులు పసుపుబారగానే నీళ్లు తగ్గించి, పూర్తిగా ఎండాక ఆపేయండి. ఎండిన కాడలు తీసేసి కుండీని చల్లగా, నీడగా, పొడిగా ఉండే చోట నెలా నెలన్నర పాటు ఉంచండి. అనుమానంగా ఉంటే మట్టి తవ్వి దుంపను వేళ్లతో నొక్కి చూడండి: గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, మెత్తబడి నీరు కారితే కుళ్లినట్టు. తరువాత కొత్త మట్టిలో పెట్టి, వెలుతురు తగిలే చోటికి మార్చి కొద్దికొద్దిగా నీళ్లు ఇస్తే చిగురు వస్తుంది. హైదరాబాద్ నర్సరీలలో ఊదా ఆకుల మొక్కను కొన్నవారికి ఏప్రిల్, మే నెలల్లో జరిగేదీ ఇదే.

ఒక తల్లి తన కూతురు బడి నుంచి తెచ్చుకున్న కుండీని సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మొక్క పోయిందని పాపకు ఎలా చెప్పాలో తెలియక ఆమె నిజంగానే బాధపడుతున్నారు. మట్టిని బల్లమీద బోర్లించి చూస్తే పొలుసులతో ఉన్న దుంపలు అన్నీ గట్టిగానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆమె చేతిలో పెట్టి నొక్కి చూడమన్నాను, ఎందుకంటే ఈ విషయం నోటిమాటగా చెబితే ఎవరికీ ధైర్యం రాదు.

అపోహ: అసలు షామ్‌రాక్ అంటే నిర్దిష్టమైన ఒకే మొక్క.

వాస్తవం: మొక్కలపై పరిశోధన చేసిన నథానియెల్ కోల్గన్ 1893లో, చార్లెస్ నెల్సన్ 1988లో ఐర్లండ్ ప్రజల నుంచి "మీ దృష్టిలో షామ్‌రాక్ ఏది" అని నమూనాలు తెప్పించుకున్నారు. రెండుసార్లూ దాదాపు సగం పసుపు పూల క్లోవర్ (ట్రైఫోలియం డూబియమ్), సుమారు మూడో వంతు తెల్లపూల క్లోవర్ వచ్చాయి. క్లోవర్ అంటే పచ్చిక బయళ్లలో పెరిగే మూడాకుల చిన్న మొక్క. విత్తనాల పాకెట్ కొని డూబియమ్ పెంచినవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అది ఏకవార్షికం, గింజ కట్టాక నిజంగానే చనిపోతుంది. దానికి దుంప ఉండదు, రాలిన గింజల నుంచే మళ్లీ మొలుస్తుంది. గుర్తుపట్టడం తేలిక: ఆక్సాలిస్ ఆకు చివర నొక్కు ఉండి హృదయాకారంలోనో, త్రికోణంగానో ఉంటుంది, క్లోవర్ ఆకు కోలగా ఉంటుంది.

షామ్‌రాక్ పూయదనీ, ఐర్లండ్ దాటితే బతకదనీ పాతకాలపు నమ్మకం. పండుగనాటికి పూత రాదు, అంతే. తెల్ల క్లోవర్ కశ్మీర్ పచ్చికలలో కూడా పెరుగుతుంది. అదృష్టానికి గుర్తుగా చెప్పే నాలుగాకుల క్లోవర్ వేరు, అసలు షామ్‌రాక్‌కు మూడే ఆకులు. ఐర్లండ్ అధికారిక రాజ్యచిహ్నం షామ్‌రాక్ కాదు, హార్ప్ వాద్యం. ఐర్లండ్‌లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ ఈ మూడాకులతో త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) బోధించాడన్న కథ ఆయన జీవించిన 5వ శతాబ్దంలో కాక, 1726లో కేలబ్ త్రెల్కెల్డ్ రాసిన వృక్షగ్రంథంలో కనిపిస్తుంది.

పులిచింతలా పప్పులో వేసుకోవచ్చా అని కూడా అడుగుతారు. నర్సరీ మొక్కపై మందులు చల్లి ఉంటారు కనుక వద్దు. ఆక్సాలిస్‌లో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది కనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారు అసలే తినకూడదు, పిల్లులకూ కుక్కలకూ అందనివ్వకూడదు. సెలవులకు ఇంటికి వెళ్తూ దుంపలనో గింజలనో సూట్‌కేసులో వేసుకోవడం కూడా సరికాదు. భారతదేశంలోకి వాటిని తీసుకురావాలంటే దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవని ఇచ్చే ధ్రువపత్రం) ఉండాలి.