స్పెషల్ టీచరుకు ఓపిక ఉంటే చాలంటారు, చాలదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పే స్పెషల్ టీచరు కోర్సు చదువుతూ, మా దగ్గరికి టీచింగ్ ప్రాక్టీసుకు అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి వచ్చే ట్రైనీలు మొదటి రోజు చెప్పే మాట దాదాపు ఒకటే: "నాకు పిల్లలంటే ఇష్టం మేడం, ఓపిక కూడా ఎక్కువే." చుట్టాలూ అదే అంటారు, కాలేజీలో చేరేటప్పుడు ఎవరో ఒకరు అదే చెప్పి ఉంటారు. ఈ ఒక్క నమ్మకం వల్ల మా పిల్లలకూ కొత్త టీచర్లకూ జరిగినంత నష్టం ఇంకే పుకారు వల్లా జరగడం నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: స్పెషల్ టీచరుకు ఓపిక ఉంటే చాలు.

వాస్తవం: ఓపిక ఉండాలి. కానీ ఒట్టి ఓపికతో ఏ బిడ్డా కొత్త పని నేర్చుకోడు. పనిని ముక్కలు చేయడం రావాలి. ఏ ముక్క దగ్గర ఆగిపోతున్నాడో కనిపెట్టాలి. ఎంత సాయం చేయాలో, దాన్ని ఎప్పుడు తగ్గించాలో తెలియాలి. అవి తెలియకపోతే ఆ ఓపికంతా బిడ్డ పని మనమే చేసిపెట్టడానికి ఖర్చవుతుంది.

గోదావరి మధ్య లంక గ్రామం నుంచి పడవలో వచ్చే ఒక ట్రైనీ అమ్మాయి ఉండేది. తొమ్మిదేళ్ల బాబుకు రోజూ క్యారేజీ విప్పి, పప్పన్నం కలిపి, ముద్దలు చేసి నోట్లో పెట్టేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కొన్నాళ్లకు ఏడుస్తూ వచ్చింది: "నాకే ఓపిక చాలడం లేదేమో మేడం, వాడిలో ఏ మార్పూ లేదు." మార్పు ఎక్కడి నుంచి వస్తుంది? క్యారేజీ మూత చప్పుడు వినగానే నోరు తెరవడం వాడు నేర్చుకున్నాడు. మనం నేర్పింది అదే కదా.

బ్యాక్‌వర్డ్ చైనింగ్ (పనిలో చివరి మెట్టు ముందు నేర్పి వెనక్కి రావడం) అందరూ పరీక్షలో రాస్తారు, అన్నం దగ్గర గుర్తు రాదు. ముద్ద చేసి వాడి వేళ్ల మధ్య పెట్టి, చెయ్యి పట్టుకుని పెదవుల దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేయమన్నాను. చివరి కాస్త దూరం వాడిది. అది కుదిరాక గడ్డం దగ్గర వదిలింది, తర్వాత ఛాతీ దగ్గర, ఆ తర్వాత కంచం దగ్గరే. పట్టుకునే చోటు కూడా అరచేతి నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి మోచేతికి జరిగింది. ప్రాక్టికల్స్ ముగిసేసరికి కలిపి పెట్టిన అన్నం వాడే తింటున్నాడు. కలుపుకోవడం ఇంకా రాలేదు, మెతుకులు చాలావరకు ఒళ్లోనే పడేవి.

వాళ్ల నాయనమ్మకు ఇది నచ్చలేదు. "బట్టలన్నీ పాడుచేసుకుంటున్నాడు, నేను పెడితే శుభ్రంగా తింటాడు కదండీ టీచరు గారూ" అంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ వాడి కడుపు నింపింది ఆవిడే. తను పోయాక వీడికి అన్నం ఎవరు పెడతారన్నదే ఆవిడ బెంగ. ఇదంతా ఆ బెంగ తీరడానికేనని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాం. ట్రైనీలూ, పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఇంట్లో రోజుకు ఒక్క పూట, మొదటి నాలుగు ముద్దలు మాత్రం వాడినే తిననివ్వమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఓపిక అంటే ఊరుకోవడం అనుకునేవాళ్లూ ఉన్నారు. పెన్సిలు ఇవ్వగానే పాప తల బల్లకేసి కొట్టుకుంటుంది. ట్రైనీ కంగారుపడి పెన్సిలు తీసేస్తుంది, పాప ఊరుకుంటుంది. "ఇవాళ మూడ్ బాలేదు" అని రికార్డులో రాస్తారు. తల కొట్టుకుంటే పని తప్పుతుందని పాప నేర్చుకుంది, మర్నాడు ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. దెబ్బ తగలకుండా అడ్డం పెట్టడం మొదటి పని. తర్వాత పన్ను నొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో అమ్మను అడగండి. మాట రాని పిల్లల విషయంలో ఇది మరిచిపోకూడదు. అవేమీ లేకపోతే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మనం ఏం చేశాం అన్నవి రాసుకోండి. పని తగ్గించండి, ఒక్క గీత చాలు. ఆపమని అడగడానికి చేతికి ఒక కార్డు ఇవ్వండి, అది చూపిన వెంటనే ఆపండి.

మన డెల్టాలో వరద ఒకటి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి కాజ్‌వేలు మునిగితే లంకల పిల్లలు రోజుల తరబడి బడికి రాలేరు. తిరిగొచ్చేసరికి నేర్చుకున్నది కొంత పోతుంది. ఆటిజం ఉన్న పిల్లలకైతే దినచర్య చెదిరి ఏడుపులు, కేకలు పెరుగుతాయి. ట్రైనీలు తమ పాఠం ఫెయిలైందని టెన్షన్ పడతారు. పడక్కర్లేదు. బేస్‌లైన్ (ఇప్పుడు బిడ్డకు ఎంత వచ్చో ఆ లెక్క) మళ్లీ తీసి, ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టండి, వరద సంగతి రికార్డులో రాయండి.

రికార్డు అంటే గుర్తొచ్చింది. సీనియర్ల ఐఈపీ (ఒక్కో బిడ్డకు విడిగా రాసే బోధన ప్రణాళిక) తెచ్చుకుని పేరు మార్చి దించేస్తే చాలదు. "బస్సు నంబరు చదివి ఎక్కుతాడు" అని లక్ష్యం రాసిన ఐఈపీ చూశాను, ఆ పిల్లవాడి ఊరికి బస్సే లేదు. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు చెప్పడం వాడికి కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నాలుక కింద నరం కోయిస్తే మాటలు వచ్చేస్తాయన్నది తప్పు. నాలుక బిగుతుగా ఉంటే కొన్ని శబ్దాలు పలకడం కష్టం కావచ్చు, కానీ భాష రాకపోవడానికి కారణం అది కాదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. కావాల్సింది చూపించి అడిగే బొమ్మల కార్డులు అలవాటైతే మాట్లాడరన్నదీ తప్పే, కార్డులు మాటకు అడ్డు రావు.

కడుపుతో ఉన్న ట్రైనీ ఈ క్లాసులోకి రాకూడదు, పుట్టే బిడ్డకూ ఇలాగే అవుతుందనే మాట మాత్రం వినలేను. మా పిల్లల తల్లుల ముందే అంటారు, వాళ్లు తలదించుకుంటారు. డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల వస్తుంది. సెరిబ్రల్ పాల్సీకి కారణం ఎదిగే దశలో మెదడు దెబ్బతినడం. పిల్లల్ని చూస్తే రావడానికి ఇదేమీ అంటువ్యాధి కాదు. ఎగిరి గంతులేసే పిల్లల దగ్గర పొట్టకు దెబ్బ తగలకుండా కూర్చుంటే సరిపోతుంది.

వికలాంగుల హక్కుల 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, 1995 చట్టంలో 7 మాత్రమే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో ఎన్నో రకాల పిల్లలు కలిసి ఉంటారు. కోర్సులో మీరు తీసుకున్న వైకల్య విభాగం కానిది మీకు రాకపోవడం తప్పు కాదు. అక్కడి రిసోర్స్ టీచరునూ, ఫిజియోథెరపిస్టునూ అడగండి.

ఈ కోర్సుకు ఉద్యోగాలు లేవని భయపడేవాళ్లకు ఒక మాట. స్పెషల్ టీచర్ల పోస్టుల గురించి సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది, 2025 మార్చిలో రాష్ట్రాలకు గడువు పెట్టి పోస్టులు ప్రకటించమంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు అన్నది కేంద్రం పెట్టిన లెక్క. కాకపోతే కోర్సు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించినదై ఉండాలి, పాసయ్యాక ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని సీఆర్‌ఆర్ నంబరు తీసుకోవాలి. ఫీజు కట్టే ముందే ఆ కాలేజీ పేరు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి.