డాక్టరు చీటీ లేకుండా దొరకడానికి 52 ఏళ్లు పట్టిన మందు

2023 సెప్టెంబరులో అమెరికాలోని మందుల దుకాణాల్లో, డాక్టరు చీటీ అడగకుండా అమ్మే సరుకుల అరలోకి ఒక చిన్న పెట్టె వచ్చి చేరింది. అందులో ముక్కులో కొట్టే స్ప్రేలు రెండు, ఒక్కొక్కదానిలో 4 మిల్లీగ్రాముల నలాక్సోన్. ధర సుమారు 45 డాలర్లు. హెరాయిన్, ఫెంటనిల్ వంటి నల్లమందు జాతి మందులు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని రెండు మూడు నిమిషాల్లో తిరిగి ఊపిరి తీసుకునేలా చేసే మందు అది. అయితే అదేమీ కొత్త మందు కాదు. జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే దాని పేటెంటుకు దరఖాస్తు చేశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1971లో ఆమోదించింది. ఆసుపత్రి అల్మారా నుంచి దుకాణం అర దాకా రావడానికి దానికి అర్ధ శతాబ్దం ఎందుకు పట్టిందో చూస్తే, మాదకద్రవ్యాల మరణాల పట్ల అమెరికా సమాజం ఎలా స్పందిస్తూ వచ్చిందో చాలావరకు అర్థమవుతుంది.

ముందుగా ఆ మందు పనితీరు తెలుసుకోవాలి. నల్లమందు జాతి పదార్థాలు మెదడులో శ్వాసను నడిపించే భాగంలోని గ్రాహకాలకు, అంటే కణాల మీద మందులు అతుక్కునే చోట్లకు, అంటుకుంటాయి. మోతాదు మించితే కనుపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోతాయి, పెదవులు నీలంగా మారతాయి, గొంతులోంచి గురక వంటి శబ్దం వస్తుంది, చివరకు ఊపిరే ఆగిపోతుంది. నలాక్సోన్ ఆ పదార్థాన్ని గ్రాహకం మీది నుంచి నెట్టేసి తాను ఆ చోట కూర్చుంటుంది. ఒంట్లో నల్లమందు జాతి పదార్థం లేనివారికి ఇచ్చినా హాని ఉండదు, మత్తు అసలే ఉండదు. ప్రభావం మాత్రం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి అంబులెన్సును పిలవక తప్పదు. లేచిన మనిషి కృతజ్ఞతతో లేస్తాడనుకోవడం కూడా పొరపాటు. మత్తు ఒక్కసారిగా తెగిపోవడంతో చెమటలు, వాంతులు, వణుకు కమ్ముకొస్తాయి, కొందరు కాపాడినవారి మీదే విరుచుకుపడతారు.

స్పృహ తప్పినవాడు తనకు తాను మందు ఇచ్చుకోలేడు. పక్కనున్నవారి చేతిలో మందు ఉంటేనే ప్రయోజనం. రోగి పేరు మీదే చీటీ రాయాలన్న వైద్య సంప్రదాయం ఈ ఒక్క వాస్తవం దగ్గర తడబడింది. దాంతో పాతికేళ్లపాటు నలాక్సోన్ ఆసుపత్రులకూ అంబులెన్సులకూ పరిమితమైపోయింది. ఆ గీతను మొదట దాటింది ప్రభుత్వాలు కావు. శికాగో రికవరీ అలయన్స్ అనే సంస్థ, తన వ్యవస్థాపకుల్లో ఒకరు 1996లో హెరాయిన్ మోతాదు మించి చనిపోయాక, మాదకద్రవ్యాలు వాడేవారికే నేరుగా నలాక్సోన్ పంచడం మొదలుపెట్టింది. అప్పటికి చట్టం దీన్ని ఒప్పుకుంటుందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేని స్థితి. న్యూ మెక్సికో రాష్ట్రం 2001లో, మందు ఇచ్చిన సామాన్యుడిపై కేసులు పడకుండా చట్టం చేసింది. పోలీసుల భయంతో స్నేహితులు అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయకుండా పారిపోతున్నారని గ్రహించి, ఫోను చేసినవారికి 2007లో మరో చట్టంతో రక్షణ కల్పించింది. ఈ రెండు చట్టాల మధ్య, 2003లో, నలాక్సోన్ సృష్టికర్త ఫిష్‌మన్ సవతి కొడుకే హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు.

ఈలోగా సమస్య ఊహకందనంతగా పెరిగింది. 1996లో మార్కెట్లోకి వచ్చిన ఆక్సీకాంటిన్ అనే నల్లమందు జాతి నొప్పి మాత్రలను, వ్యసనం పట్టుకునే ప్రమాదం తక్కువేనని డాక్టర్లను నమ్మించి అమ్మారు. ఆ మోసానికి 2007లో వాటి తయారీదారు పర్డ్యూ కంపెనీ అనుబంధ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది. మాత్రలను నలిపి పీల్చడానికి వీల్లేకుండా 2010లో తయారీ మార్చేసరికి చాలామంది హెరాయిన్‌కు మళ్లారు. 2013 తర్వాత, హెరాయిన్ కన్నా దాదాపు 50 రెట్లు శక్తిమంతమైన ఫెంటనిల్ వీధి సరుకులో కలిసిపోయింది. మోతాదు మించి చనిపోయినవారు 1999లో సుమారు 17 వేల మంది కాగా, 2021లో ఆ సంఖ్య 1 లక్షా 6 వేలు దాటింది. వాటిలో నాలుగింట మూడు వంతులు నల్లమందు జాతి పదార్థాల వల్లనే. 1980లలో నల్లజాతివారి పేటలను పట్టి పీడించిన క్రాక్ కొకైన్‌కు జైలుతో జవాబిచ్చిన దేశం, మరణాలు తెల్లజాతివారి పల్లెలకూ మధ్యతరగతి ఇళ్లకూ పాకాకే చికిత్స మాట ఎత్తిందన్న విమర్శను కొట్టిపారేయలేం.

అడ్డంకులు చట్టంలోనే కాదు, మనసుల్లోనూ ఉన్నాయి. నలాక్సోన్ ప్రాణాలు నిలపదని, తర్వాతి మోతాదు దాకా పొడిగిస్తుందంతేనని వాదిస్తూ మెయిన్ రాష్ట్ర గవర్నర్ పాల్ లెపేజ్ 2016లో, చీటీ లేకుండా నలాక్సోన్ ఇవ్వడానికి వీలు కల్పించే ఒక బిల్లును తిరస్కరించారు; శాసనసభ ఆ తిరస్కారాన్ని కాదని బిల్లును చట్టం చేసింది. అదే వాదనను గుండెపోటు రోగుల విషయంలో ఎవరూ చేయరు. మసాచుసెట్స్‌లోని క్విన్సీ పట్టణం అప్పటికే, అంటే 2010లోనే, గస్తీ పోలీసులందరి చేతికీ నలాక్సోన్ ఇచ్చింది. ఆ పైన ధర సంగతి. ఎవ్‌జియో అనే నలాక్సోన్ ఇంజెక్షన్ల జత 2014లో 700 డాలర్ల లోపే ఉండగా, మూడేళ్లలో 4 వేలు దాటింది. గిరాకీ పెరిగినప్పుడే ధర పెంచడం అనే దుకాణదారు తెలివి ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చింది.

సామాన్యుడు వాడగల ముక్కు స్ప్రేకు 2015 నవంబరులో ఆమోదం వచ్చింది. 2017 అక్టోబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించగా, 2018 ఏప్రిల్‌లో అప్పటి సర్జన్ జనరల్ (దేశ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారి) జెరోమ్ ఆడమ్స్, సామాన్యులు సైతం నలాక్సోన్ దగ్గర పెట్టుకోవాలని సూచించారు. ఇప్పుడు అనేక విశ్వవిద్యాలయాల్లో, మన తెలుగు పిల్లలు చదువుకునే చోట్ల కూడా, గోడకు తగిలించిన పెట్టెల్లో అది కనిపిస్తుంది.

2024లో మోతాదు మించిన మరణాలు మొత్తం సుమారు 80 వేలకు తగ్గాయి. ఆ ఘనతంతా ఈ స్ప్రేదే అనలేం. చికిత్స విస్తరణ, వీధి సరుకులో వచ్చిన మార్పులు, వీటిలో దేని వాటా ఎంతన్నది పరిశోధకుల్లో ఇంకా తేలలేదు. నల్లమందు జాతి మందుల అమ్మకాలపై పడిన దావాల పరిష్కారంగా మందుల పంపిణీ సంస్థలూ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కలిసి 2600 కోట్ల డాలర్లు చెల్లించేలా 2022లో ఖరారైన ఒప్పందం సొమ్ములో కొంతతో చాలాచోట్ల నలాక్సోన్ ఉచితంగా పంచుతున్నారు. డబ్బు పెట్టి దుకాణంలో కొనగలిగినవారి కన్నా, ఆ ఉచిత పెట్టె కోసం వచ్చేవారికే దాని అవసరం ఎక్కువ.