ఇంజన్‌కి ఏ రంగు? షెడ్డులో వినబడే అపోహలు, వాస్తవాలు

మన విజయనగరం వైపు హాట్ రాడ్ (పాత బండిని తనకి నచ్చినట్టు మార్చి కట్టించుకున్నది) కట్టించుకునేవాళ్ల దగ్గర 1932 ఫోర్డ్‌లు ఉండవు. పాత మహీంద్రా జీపో, అంబాసిడరో ఉంటుంది. బానెట్ తీసి పక్కన పెట్టేసి, ఇంజన్ నలుగురికీ కనబడేలా తిరగాలన్నది సరదా. అందుకే దాని రంగు దగ్గర వచ్చినన్ని వాదనలు గేర్‌బాక్సు దగ్గర కూడా రావు. పెయింటర్‌గా నేను తరచూ వినే మాటలు, వాటిలో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: నలుపు వేస్తే ఇంజన్ వేడెక్కుతుంది.

"నలుపేస్తే హీటెక్కిపోద్ది గురూ, సిల్వరే కొట్టు" అంటారు. ఎండలో నల్లచొక్కా వేసుకున్న అనుభవం నుంచి పుట్టిన మాట ఇది. చొక్కాకి వేడి బయటి నుంచి వస్తుంది, ఇంజన్‌కి లోపల పుడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. బరువు లాగుతున్న జీపు ఇంజన్ నీళ్లలోకి వదిలే వేడి పదుల కిలోవాట్లు. ఈ లెక్కలో ఎండ వాటా చిల్లర.

బయటకు పోయే వేడి విషయంలోనూ అంతే. 90, 100 డిగ్రీల దగ్గర లోహం వదిలే కిరణాలు కంటికి కనబడవు. ఆ కిరణాల విషయంలో తెల్ల ఎనామెల్, నల్ల ఎనామెల్ దాదాపు ఒకటే. తేడా వచ్చేది పాలిష్ చేసిన వట్టి అల్యూమినియంతో. అది కిరణాల రూపంలో వేడిని చాలా తక్కువ వదులుతుంది. సిల్వర్ పెయింట్ కూడా, అందులోని అల్యూమినియం పొడి వల్ల, మామూలు రంగుల కంటే తక్కువే వదులుతుంది. అంటే చల్లదనం కోసం సిల్వర్ అడిగేవాళ్లు ఉల్టా దారిలో వెళ్తున్నారు. అయినా నీళ్ల ఇంజన్‌కి ఇదేమీ లెక్కలోకి రాదు. వేడెక్కుతుంటే థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ బెల్ట్ చూపించుకోవాలి. బుల్లెట్ లాంటి గాలి ఇంజన్‌కి మాత్రం పూత పల్చగా ఉండాలి, ఫిన్నుల (చల్లబరిచే లోహపు రెక్కల) సందులు పూడకూడదు.

అపోహ: డబ్బా మీద 600 డిగ్రీలు అని ఉంటే ఇంజన్ మొత్తానికి అదే బెస్ట్.

డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే. 600 డిగ్రీల పెయింట్లు సాధారణంగా సిలికాన్ రకం. అవి గాలికి ఆరినట్టే కనిపిస్తాయి గానీ, పూర్తిగా గట్టిపడాలంటే 200 డిగ్రీల దాకా విడతలవారీగా వేడి తగలాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాలు) ఆ వేడిని సులువుగా దాటుతుంది. బ్లాక్ నీళ్లతో చల్లబడుతుంది కాబట్టి, 100 డిగ్రీల అటూ ఇటూ తిరుగుతుంది తప్ప అక్కడిదాకా వెళ్లదు. దాంతో బ్లాక్ మీద ఆ పెయింట్ ఎప్పటికీ పచ్చిగానే ఉండిపోతుంది. కార్బ్యురేటర్ నుంచి నాలుగు చుక్కల పెట్రోల్ కారి, గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకి వచ్చేస్తుంది.

మానిఫోల్డ్‌కి సిలికాన్ రకం, బ్లాక్‌కి ఇంజన్ ఎనామెల్ లేదా మంచి 2కె పెయింట్ (హార్డెనర్ కలిపి కొట్టే రకం) వాడండి. బాడీ టచప్‌కి వాడే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింట్ వద్దు, అది పెట్రోల్‌కి తట్టుకోదు. ఇక 2కె హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆస్తమా తెప్పిస్తుంది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టే కుర్రాళ్లను చూస్తే నాకు టెన్షన్. సరైన మాస్కు లేకపోతే ఆ పనే ముట్టుకోవద్దు.

అపోహ: డీజిల్ కొట్టి కడిగేస్తే ఇంజన్ పెయింట్‌కి రెడీ.

డీజిల్ జిడ్డుని వదిలిస్తుంది, తన జిడ్డుని మిగుల్చుతుంది. దాని తర్వాత వేడినీళ్లు, డిటర్జెంట్‌తో రుద్దాలి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టాలి, ఆపైన తెల్లగుడ్డకి థిన్నర్ తడిపి తుడవాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవడమే. అప్పుడు కూడా అయిపోయిందనుకోకండి. పాత పోత ఇనుము సన్నటి రంధ్రాల్లో నూనె దాచుకుంటుంది. హీట్ గన్‌తో ఒక మూల వెచ్చచేసి చూడండి, శుభ్రంగా కనిపించిన చోట నల్లటి చెమటలా చిన్న చిన్న చుక్కలు పైకి తేలతాయి. వాటిని తుడిచి, మళ్లీ వెచ్చచేసి, మళ్లీ తుడవాలి. ఆ చుక్కల మీద రంగు కొడితే అక్కడక్కడా చేపకళ్లలాంటి గుంటలు పడతాయి, కొన్నాళ్లకు పొరలు లేస్తాయి. అప్పుడు "రంగు నాసిరకం" అని షాపువాణ్ణి తిడతారు.

వాతావరణం కూడా చూసుకోవాలి. సిరిమాను పండక్కి బండి బయటకు తీయాలని దసరా ముందు వచ్చేవాళ్లే ఎక్కువ. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం, గాలి నిండా తేమ. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ లోహాన్ని చల్లబరుస్తుంది, తేమ దాని మీద దిగి రంగు పాలిపోయినట్టు తెల్లబారుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే కొంత నయం. వాన పడే రోజు పని ఆపేస్తే ఇంకా నయం.

అపోహ: కంపెనీ రంగు తప్ప ఇంకోటి వేస్తే బండి పాడుచేసినట్టే.

వింటేజ్ కార్ల పోటీలో నిలబెట్టే బండికైతే ఈ మాట నిజం, అక్కడ కంపెనీ రంగుకే మార్కులు. హాట్ రాడ్‌కి అలాంటి రూలు లేదు. ఫోర్డ్ బాడీలో షెవర్లే ఇంజన్ దింపడం అమెరికాలో పాత అలవాటే. షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) 1955లో వచ్చింది, దాని నారింజ రంగు అలాగే పేరు పడింది. ఫోర్డ్ 1966 నుంచి ఇంజన్లన్నిటికీ నీలం వేసింది. షెవర్లే కూడా 1977లో నారింజ వదిలి నీలంలోకి మారింది. కంపెనీలే మార్చుకున్న రంగులకు మనం అంత కట్టుబడి ఉండక్కర్లేదు. మీ జీపు డీజిల్ ఇంజన్‌కి షెవర్లే నారింజ వేసుకోవచ్చు. బాగుంటుందా అంటే, ఆలివ్ గ్రీన్ బాడీలో అదిరిపోతుంది, ఎర్ర బాడీలో నాకైతే నచ్చదు.

అపోహ: ముదురు రంగైతే మురికి కనబడదు.

కనబడదు. ఆయిల్ లీకు కూడా కనబడదు. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ దగ్గర మొదలైన కారుడు కింద ఛాంబర్ (ఆయిల్ తొట్టి) దాకా దిగాక గానీ తెలియదు. లేత బూడిద రంగు మీద మొదటి చుక్క మర్నాడే దొరుకుతుంది. రోజూ తిప్పే బండికి నా ఓటు లేత రంగులకే. ఇంకో సంగతి, ఇంజన్ అడుగున వెలుతురు తక్కువ కాబట్టి మెరూన్, నేవీ బ్లూ లాంటివి నల్లగానే కనిపిస్తాయి. డబ్బులు పెట్టి కలిపించిన షేడ్ ఎవరికీ తెలియదు. గరుకు పోత మీద మెటాలిక్, ఫుల్ గ్లాసీ (బాగా మెరిసేది) కూడా ప్రతి గతుకునీ ఎత్తి చూపిస్తాయి. సెమీ గ్లాసీ అడగండి.

మిగతావి చిన్నవి. నాలుగైదు కోటింగులు వేస్తే గట్టిగా ఉంటుందన్నది తప్పు. మందపు పూత బోల్టు తల కింద నలిగి బిగువు తగ్గుతుంది, అంచుల్లో పగుళ్లు వస్తాయి. ఎర్త్ వైరు బిగించే చోట, ప్యాకింగ్ కూర్చునే ముఖాల మీద రంగు అసలు పడకూడదు. స్టార్టర్ నీరసంగా తిరుగుతోందని వచ్చే కొన్ని బండ్లకు ఎర్త్ దగ్గరి పెయింటే కారణం.

ఆర్టీఏ పర్మిషన్ గురించి అడుగుతారు. ఆర్సీలో ఉండేది బాడీ రంగు, దాన్ని మారిస్తే నమోదు చేయించాలి. ఇంజన్ రంగుకి అక్కర్లేదు, ఇంజనే మార్చితే మాత్రం కావాలి. బ్లాక్ మీది ఇంజన్ నంబరుకి టేపు అంటించి స్ప్రే చేయించండి, ఎమరీతో గీకించొద్దు.

రంగు ఖాయం చేసేముందు పాత ట్యాపెట్ కవర్ ఒకటి తెప్పించి దాని మీద కొట్టించి, బాడీ పక్కన పెట్టి ఎండలోనూ నీడలోనూ చూడండి. నచ్చిందంటే కలిపిన రంగులో పావు లీటరు డబ్బాలో దాచి, మూత మీద కొలతలు రాయించండి. మొదటి సర్వీసుకే స్పానర్ జారి ఎక్కడో ఒక చోట చెక్కు లేస్తుంది.