దొంగ పత్రాలూ మఠాల్లోనే, వాటిని పట్టే విద్యా మఠాల్లోనే

ఫ్రాన్స్‌లోని స్వాసోన్‌లో సెయింట్ మెడార్ అనే మఠం ఉండేది. 12వ శతాబ్దం మొదట్లో అక్కడ గెర్నో అనే సన్యాసి చావుబతుకుల్లో ఉండి గుట్టు విప్పాడు. చర్చీలు తిరుగుతూ, అడిగినవాళ్లకి దొంగ పత్రాలు రాసిచ్చేవాడట. అలా రాయించుకున్న వాటిలో ఇంగ్లండ్‌లోని కాంటర్బరీలో ఉన్న సెయింట్ అగస్టీన్ మఠం కూడా ఉంది, అదేమీ ఊరూపేరూ లేని చోటు కాదు. ప్రతిఫలంగా వచ్చిన ఖరీదైన వస్తువులు గెర్నో తన దగ్గర ఉంచుకోలేదు, తెచ్చి సొంత మఠానికే ఇచ్చేశాడు. దశాబ్దాల తర్వాత ఒక బిషప్ పోప్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతంతా ఉంది కాబట్టే మనదాకా వచ్చింది.

దైవభక్తి ఉన్నవాళ్లు ఇదేం పని అనిపిస్తుంది గానీ, అప్పటి పరిస్థితి చూస్తే వాళ్ల ఇబ్బంది కొంత అర్థమవుతుంది. అంతకుముందు భూమి దానం చేయడమంటే రాతకోతల వ్యవహారం కాదు. దాత సాక్షుల ముందు బలిపీఠం మీద ఒక మట్టిగడ్డో కత్తో పెడితే దానం అయిపోయినట్టే. ఇంగ్లండ్‌లోని డరమ్ కెథడ్రల్‌లో అలాంటి కత్తి ఒకటి ఇప్పటికీ ఉంది. అది విరిగిపోయిన కత్తి, కొమ్ముతో చేసిన పిడి, ఆ పిడి మీద ఇది లోవిక్ ప్రార్థనాలయం తాలూకు గుర్తు అని లాటిన్‌లో చెక్కి ఉంటుంది, దానికి ఒక తోలు చీటీ కట్టి ఉంటుంది. 12వ శతాబ్దంలో ఒక దాత ఇచ్చిన మాటకి అదే ఆధారం.

సాక్షులు బతికున్నన్నాళ్లూ చిక్కు లేదు. వాళ్లు పోయాక, పైగా 1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లండ్ భూములన్నీ చేతులు మార్చేశాక, కొత్త దొరలు అడిగిన మొదటి ప్రశ్న పత్రం ఏదని. భూమి మఠానిదేనని, తాతల నాటి నుంచీ దున్నుతున్నది వాళ్లేనని ఊరంతా చెబుతుంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. అందుకే అప్పటి దొంగ పత్రం ప్రతిదీ దొంగ హక్కుకి గుర్తని కొట్టిపారేయలేం. అలాగని అందరూ అమాయకులనీ అనను. బిషప్ అజమాయిషీ తప్పించుకోడానికి పోప్‌ల పేరుతో పత్రాలు పుట్టించిన మఠాలకి నిజంగా ఉన్న హక్కు ఎంతో ఎవరికి తెలుసు?

ఫ్రాన్స్‌లో సెయింట్ డెనిస్ మఠం వాళ్లు 11వ శతాబ్దంలో చేసింది సరిగ్గా ఇదే. పారిస్ బిషప్‌తో గొడవలో పాత పత్రాలు చూపించాల్సి వచ్చింది. పాతగా కనిపించాలంటే పపైరస్ (రెల్లులాంటి మొక్కతో చేసే పూర్వకాలపు కాగితం) కావాలి, అది అప్పటికి దొరకదు. దాంతో మఠంలోనే ఉన్న నాలుగు శతాబ్దాల నాటి అసలు మెరోవింజియన్ రాజుల (ఫ్రాన్స్‌ని తొలిరోజుల్లో ఏలిన వంశం) పత్రాలు తీసి, వెనకవైపు ఖాళీ జాగాలో దొంగవి రాశారు. ఇప్పటి చరిత్రకారులకి కావలసింది ముందువైపు రాత. అది మిగలడానికి కొంత కారణం వెనక ఉన్న ఆ దొంగరాతే కావడం చూస్తే నాకు నవ్వాగదు.

పరీక్ష చేసేవాళ్లు మొదట పట్టుకున్నది ముద్రని. ఇంగ్లండ్‌లోని రెండు ఆర్చ్‌బిషప్ పీఠాలు కాంటర్బరీ, యార్క్. 1123లో కాంటర్బరీ వాళ్లు యార్క్ మీద తమ పెద్దరికం నిరూపించుకోడానికి పాత పోప్‌ల పత్రాలు పట్టుకుని రోమ్ వెళ్లారు. వీటికి సీసం ముద్రలేవని అక్కడివాళ్లు అడిగితే, కాలక్రమంలో పోయాయో పాడయ్యాయో అన్నారట. పత్రం రాసిన తోలు నిలిచింది గానీ సీసం కరిగిపోయిందా అని సభంతా నవ్విందట. ఈ కథ చెప్పింది యార్క్ పక్షం మనిషి కాబట్టి కాస్త ఉప్పు కారం కలిపే ఉంటాడు, అయినా అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

అయితే అన్నిచోట్లా ముద్ర అడగడమూ కుదరదు. ఇంగ్లండ్‌లోని బాటిల్ మఠం భూమి కేసులో గిల్బర్ట్ డి బాలియల్ అనే నైట్ (గుర్రపు వీరుడు), మఠం చూపించిన పాత పత్రానికి ముద్ర లేదని అభ్యంతరం పెట్టాడు. నీకు ముద్ర ఉందా అని రాజు తరఫు న్యాయాధికారి రిచర్డ్ డి లూసీ అడిగాడు, ఉందన్నాడు. ప్రతి చిన్న నైట్‌కీ ముద్ర ఉండే అలవాటు పూర్వం లేదయ్యా, అది రాజులకీ పెద్దలకీ ఉండేదని లూసీ ఎగతాళి చేశాడు. మాటలో న్యాయం ఉంది. కాకపోతే అదే బాటిల్ మఠం ఆ రోజుల్లోనే 1066లో నార్మన్లతో వచ్చిన విలియం రాజు పేరు మీద వేరే పత్రాలు సొంతంగా తయారుచేసుకుంది, అది ఇంకో సంగతి.

ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మలేమని పోప్ మూడో ఇన్నోసెంట్ కాలానికి అర్థమైపోయింది. 1198లో రోమ్‌లోనే ఫోర్జరీ ముఠా దొరికాక, ఆయన ఫోర్జరీ ఎన్ని రకాలుగా జరుగుతుందో విడమరిచి రాశాడు. ముద్ర దొంగది కావచ్చు, లేదా అసలు ఉత్తరం నుంచి ముద్రని దారంతో సహా లాగి దొంగ ఉత్తరానికి తగిలించి ఉండొచ్చు, లేదా అసలు పత్రంలోనే నాలుగు మాటలు గీకి మార్చి ఉండొచ్చు. మామూలు ఒప్పందాలకి ఇంకా తేలికైన పద్ధతి ఉండేది. ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పెద్ద అక్షరాలు పెట్టి, ఆ అక్షరాల మీదుగా వంకరగా కోసేవారు. తగాదా వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే సరి, నిపుణుడితో పనిలేదు.

అసలు రచ్చ 1675లో మొదలైంది. ఆంట్వెర్ప్‌కి చెందిన జెసూట్ (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) పండితుడు పాపెబ్రోక్, పత్రం ఎంత పాతదైతే అంత అనుమానించాలన్నంత దూరం వెళ్లాడు. సెయింట్ డెనిస్ పత్రాలనీ ఆ వేటులోకి తెచ్చాడు. సెయింట్ డెనిస్ లాంటి మఠాలు నడిపే బెనెడిక్టైన్ సన్యాసులకి ఇది పరువు సమస్య, ఆస్తి సమస్య కూడా. వాళ్లలోనే ఒకడైన ఝాఁ మబియోఁ (1632–1707) రంగంలోకి దిగాడు. తిట్లకి తిట్లు రాయకుండా, ఊరూరా మఠాల పెట్టెలు తెరిపించి వందల పత్రాలు చూసి 1681లో పెద్ద గ్రంథం తెచ్చాడు. తోలు, లిపి, తేదీ వేసే తీరు, లాటిన్ శైలి, సంతకాలు, ముద్రలు అన్నీ కలిపి చూడాలి తప్ప ఏ ఒక్కదాన్నిబట్టీ తీర్పు చెప్పకూడదన్నది అందులో ఆయన వాదన. పాత లిపుల నమూనాలు అచ్చుబొమ్మలుగా ఇచ్చాడు కాబట్టి చదివేవాళ్లు తామే పోల్చి చూసుకోవచ్చు. పాపెబ్రోక్ ఓటమి ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు, పండితుల్లో ఆ మర్యాద అరుదు.

తన సంస్థ ఆస్తుల్ని కాపాడుకోడానికి దిగిన మనిషి చేతిలోంచే ఈ శాస్త్రం పుట్టింది, ఆ సంగతి మరిచిపోకూడదు. ఆ పద్ధతికీ తొందరలోనే దెబ్బ తగిలింది. బూయోఁ కార్డినల్ కుటుంబం నైరుతి ఫ్రాన్స్‌ని ఏలిన పాత అక్విటైన్ డ్యూకుల వారసులమని చూపించుకోవాలనుకుంది. అందుకు పనికొచ్చే పాత పత్రాలు బయటపడితే 1695లో మబియోఁ, ఆయన శిష్యుడు రుయినార్, పండితుడు బలూజ్ ముగ్గురూ అవి అసలైనవేనని సంతకాలు పెట్టారు. 1700లో ఆ పత్రాలు తెచ్చిచ్చిన ఝాఁ పియెర్ దె బార్ అనే ఆయన ఇంట్లో పోలీసులు సోదా చేసి ఫోర్జరీ ఆనవాళ్లు పట్టుకున్నారు, 1704లో కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. అయినా బలూజ్ వెనక్కి తగ్గలేదు. అవే పత్రాల ఆధారంగా ఆ వంశ చరిత్ర రాసి 1708లో అచ్చేశాడు. రాజుకి కోపమొచ్చి 1710లో ఆయన్ని పారిస్ నుంచి వెళ్లగొట్టాడు, పదవీ ఊడింది.