కరకరలాడే ఫ్రెంచ్ ఫ్రైస్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో ఫలహారాల కొట్టు నడుపుతున్న నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో వేయించిన ఫ్రెంచ్ ఫ్రైస్ పళ్లెంలోకి వచ్చేసరికే ఎందుకు మెత్తబడుతున్నాయని. లోపం నూనెలోనో, కలపని ఏదో పొడిలోనో ఉందని వారి అనుమానం. నా అనుభవంలో సగం ఫలితం పొయ్యి వెలిగించకముందే, దుంపను ఎంచుకున్నప్పుడే తేలిపోతుంది.

అపోహ: ఏ బంగాళాదుంపైనా ఒకటే.

వాస్తవం: మన లంకల్లో కంద, అరటి పండినట్లు బంగాళాదుంప పండదు. ఉత్తరాదిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన పంటను కోల్డ్ స్టోరేజీల్లో నిల్వ చేసి, శీతకాలం మొదలయ్యే దాకా అమ్ముతుంటారు. బాగా చల్లని చోట నెలల తరబడి ఉన్న దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వల్ల ముక్క కరకరలాడకముందే కొనల దగ్గర నల్లబడుతుంది; అది చూసి మాడిపోతోందని తొందరగా తీసేస్తాం, ముక్క మెత్తగానే మిగిలిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే మార్పు జరుగుతుంది కనుక, గాలి తగిలే చీకటి మూలలో బుట్టలో ఉంచడం మేలు. అలా రెండు మూడు వారాలు ఉంచితే చేరిన చక్కెర కూడా కొంత తగ్గుతుంది.

సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఫ్రైస్ కోసమే కుఫ్రీ ఫ్రైసోనా అనే రకాన్ని రూపొందించింది. ఫ్రైస్‌కు, నీరు పోగా మిగిలే ఘనపదార్థం 20 శాతానికి తగ్గని దుంప కావాలి. మన కూరగాయల బజారులో రకం పేరు చెప్పి అమ్మేవారు అరుదు కాబట్టి నేను ఉప్పునీటిని నమ్ముకున్నాను. 11 గ్లాసుల నీటిలో 1 గ్లాసు ఉప్పు కరిగించి దుంపలు వేస్తే, పిండి ఎక్కువున్నవి మునుగుతాయి, నీరు ఎక్కువున్నవి తేలుతాయి. మునిగినవి ఫ్రైస్‌కు, తేలినవి కూరకు.

అపోహ: ఎంతసేపు నానబెడితే అంత కరకర.

వాస్తవం: నీరు తేటగా వచ్చేవరకు కడిగి, అరగంట నానబెడితే పైనున్న పిండి, చక్కెర పోతాయి. అంతకంటే ముఖ్యమైనది తుడవడం. వానాకాలంలో మన ఇళ్లలో ఆరేసిన గుడ్డే తడిగా ఉంటుంది కనుక, ముక్కలను పొడిగుడ్డపై పరచి పది నిమిషాలు ఫ్యాను కింద ఉంచాలి.

అపోహ: నూనె బాగా కాగితే ఒక్క వాయిలోనే పనైపోతుంది.

వాస్తవం: ముక్కలో నీరున్నంతసేపు లోపలి వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. కాగిన నూనెలో ఒకేసారి వేయిస్తే పైన రంగు వచ్చేస్తుంది, లోపలి తేమ మాత్రం తర్వాత బయటికి వచ్చి పైపొరను తడుపుతుంది. అందుకే మొదట 150 నుంచి 160 డిగ్రీల నూనెలో, రంగు రాకుండా ఐదారు నిమిషాలు ఉడకనిచ్చి, జల్లెడపై పూర్తిగా చల్లార్చి, తర్వాత 180 నుంచి 190 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించాలి. మూకుడు దగ్గర నిలబడి చెవిపెడితే ఈ తేడా వినిపిస్తుంది: మొదట్లో పెద్ద బుడగలతో బుసబుసలాడే నూనె, తేమ పోయేకొద్దీ సన్నని చిటపటలకు దిగుతుంది, చిల్లుల గరిటెలో ముక్కలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. మూకుడు నింపేస్తే నూనె చల్లబడి ఈ శ్రమంతా వృథా అవుతుంది. వాయికి గుప్పెడు చాలు.

అపోహ: కార్న్ ఫ్లోర్ లేనిదే కరకర రాదు.

వాస్తవం: పలుచగా అద్దితే పైపొర గట్టిపడే మాట నిజమే గాని, మంచి దుంపకు అది అవసరం లేదు. దానికన్నా వెనిగర్ మేలు. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి ముక్కలను ఉడికిస్తే, ఆ పులుపుకు అవి చితికిపోకుండా నిలుస్తాయి.

అపోహ: మూత పెడితే వేడిగా, కరకరగా ఉంటాయి.

వాస్తవం: వేడి నిలుస్తుంది, కరకర పోతుంది. ఒక పెళ్లికి వేయించిన ఫ్రైస్‌ను మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పంపించాను. ఊరు చేరి మూత తీసేసరికి లోపల ఆవిరి బొట్లు కట్టి, ముక్కలన్నీ ఉడికించిన దుంపల్లా వాలిపోయి ఉన్నాయి. పిల్లలు ముట్టుకోకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. అప్పటినుంచి మొదటి వాయి కొట్టులోనే దించి, చల్లారిన ముక్కలతో పాటు మూకుడును, పొయ్యిని కూడా పందిరికి పంపుతున్నాను. రెండో వాయి అక్కడే, విస్తళ్లు వేశాకే.